ఒక్క శాతానికి ఎన్ని బొమ్మలు

రాత్రంతా గాలీ వానా. తెల్లారేసరికి వాన వెలిసింది గానీ, వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ ఢామ్మని పేలింది. ఇంట్లో ఫ్యాను తిరిగి తిరిగి ఆగింది.

అప్పట్నుంచి నాకు కాలు నిలవలేదు. వెళ్ళి స్విచ్ నొక్కడం, గుమ్మంలోకొచ్చి వీధి చివరకి చూడడం, మళ్ళీ వెళ్ళి నొక్కడం.

“ఎన్నిసార్లు నొక్కినా అదేం దారివ్వదు. అది హారన్ కాదు,” అంది మా ఆవిడ.

నేను మాట్లాడడం తక్కువ. మూడో తరగతిలో బడి మానేసి లారీ ఎక్కినవాణ్ణి. క్యాబిన్లో ఒక్కడివే ఉంటే ఎవరితో మాట్లాడతావు? అదే అలవాటైపోయింది.

నా కంగారు అమ్మాయి గురించి. అది భవనాలకు ప్లాన్లు గీస్తుంది. చదువయ్యాక ఒక ఆఫీసులో చేరి ఏళ్ళ తరబడి గీసింది. గీత దానిది, కింద సంతకం ఓనరుది. ఆ ఆఫీసు మూతపడ్డాక ఇంటికొచ్చి, ముందు గదిలో బల్ల వేసుకుని, చిన్నాచితకా పనులు చేసుకుంటోంది. ఈమధ్య లారీల యజమానుల సంఘం ఒక పోటీ పెట్టింది. లారీలు ఆగేచోట డ్రైవర్లకు విశ్రాంతి భవనం కట్టాలి, నమూనాలు పంపండి, నచ్చినవాళ్ళకే పని అని. నమూనా కింద దాని పేరే ఉంటుంది. ఈ పని దొరక్కపోతే మళ్ళీ ఇంకో ఆఫీసులో చేరి, ఇంకొకళ్ళ సంతకానికి గీతలు గీయడమే. పంపడానికి ఆ రోజే ఆఖరు. సాయంత్రం ఐదు దాటితే చూడరు.

పంపాల్సింది కాగితం కాదు. సినిమా లాంటిది. మనమే గేటులోంచి నడుచుకుంటూ వెళ్ళి గదులన్నీ చూస్తున్నట్టు ఉండాలి. దానికి లాప్‌టాప్ ఒక్కొక్క బొమ్మా గీసుకుంటూ పోతుంది. వెలుగెక్కడ పడాలి, నీడెక్కడ పడాలి, అన్నీ లెక్క వేసుకుని మరీ గీస్తుంది. అలాంటి బొమ్మలు వందలు. వరసగా తిప్పితే సినిమా. రాత్రంతా గీసింది. గేటు అయింది, స్నానాల గదులు అయ్యాయి. కూర్చునే హాలు, పడక గది, వెనక తోట మిగిలాయి. అంతలో కరెంటు పోయింది. అమ్మాయి లేచి గబగబా ఆపింది గానీ, అప్పటికే బ్యాటరీ కొంత తినేసింది. డెబ్బై శాతం చూపిస్తోంది.

తొమ్మిదింటికి మా అబ్బాయి స్కూటరు తోసుకుంటూ వచ్చాడు. ఇంజన్లోకి నీళ్ళు పోయాయట. వాడు పక్క పేటలో ఉంటాడు, సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు. ఏది కనబడినా విప్పుతాడని చిన్నప్పుడే అక్క వాడికి స్క్రూ అని పేరు పెట్టింది.

“ఏరా స్క్రూ, నీ షాపులో ఇన్వర్టర్ ఉంది కదా?” అంది అమ్మాయి, వాడు చెప్పులు విప్పకముందే.

“ఉండేది. ఇప్పుడు చేపలకి లైటు వేస్తోంది. షాపంతా మోకాల్లోతు నీళ్ళక్కా.”

“పవర్ బ్యాంకు?”

“ఫోన్లకైతే ఉంది. నీ లాప్‌టాప్ నాన్న లారీ అంత పాతది. ఈ గుండ్రటి పిన్ను దేనికీ దూరదు.”

“వంతెన అవతలికి పోతే కరెంటుందంట కదరా,” అంది మా ఆవిడ.

“వంతెన మీంచే నీళ్ళు పోతున్నాయమ్మా. పోలీసులు నిలబడ్డారు.”

కరెంటాఫీసుకి ఫోన్ చేస్తే సాయంత్రమో, రేపో అన్నారు. ఉన్నది డెబ్బై శాతం బ్యాటరీ. దాంతోనే అవ్వాలి.

అక్కాతమ్ముళ్ళు లాప్‌టాప్ ముందు కూర్చున్నారు. నేను వెనక నిలబడ్డాను. వాడంటున్నాడు, “బ్యాటరీ మీదకి రాగానే ఇది తనంతట తనే స్పీడు తగ్గించేసుకుంటుందక్కా. పవర్ సెట్టింగుల్లోకెళ్ళి ప్రాసెసర్‌ని నూటికి నూరు పెట్టెయ్. తొందరగా అయిపోతుంది.”

“తొందరగా బ్యాటరీ అయిపోతుంది.”

“పోనీ తగ్గించు.”

“తగ్గిస్తే ఐదింటికి అవ్వాలి కదరా!”

ప్రాసెసర్ అంటే ఏమిటో ఒకసారి అమ్మాయి నాకు చెప్పింది. ఇంజను అనుకో నాన్నా, అంది. ఇంజను అంటే నాకు తెలుసు. నా బండిలో డీజిలు ఎప్పుడూ మిగిలేది. మా ఓనరు మిగతా డ్రైవర్లకు నన్ను చూపించి తిట్టేవాడు. యాక్సిలరేటర్ మీద కాలు ఆనాలి గానీ తొక్కకూడదు. అదే నా పద్ధతి. ఉండబట్టలేక అనేశాను.

“తగ్గించు. బాగా తగ్గించు. మెల్లగా పోతే ఎంత దూరమైనా పోతుంది.”

ఇద్దరూ తలలు తిప్పి నన్ను చూశారు. నేను నోరు తెరవడం అరుదు. అందుకని తెరిస్తే మా ఇంట్లో ఎదురు చెప్పేవాళ్ళు లేరు. అబ్బాయి ఏదో అనబోయి మానేశాడు. అమ్మాయి ప్రాసెసర్‌ని నూటికి పాతిక దగ్గర కట్టేసి, పని మొదలుపెట్టింది. రాత్రంతా రొద చేసిన లాప్‌టాప్ లోపలి ఫ్యాను ఇప్పుడు ఊపిరి వదిలి ఊరుకుంది. గది చల్లబడ్డట్టయింది. నాకు బాగుంది.

ఆ బాగుండడం ఎంతోసేపు లేదు. ఒక బొమ్మ అవుతోంది, ఆగుతోంది, ఇంకోటి మొదలవుతోంది. మా ఆవిడ టీ పెట్టి తెచ్చి, అందరూ తాగాక గ్లాసులు కడిగొచ్చి చూసినా తెర మీద అదే గోడ ఉంది.

“ఏంటే, ఇది నడుస్తోందా, నిద్రపోతోందా?”

“నడుస్తోందమ్మా.”

“నయం. పెళ్ళికూతురు ఇంతకన్నా తొందరగా నడుస్తుంది.”

అమ్మాయి నవ్వలేదు. గోళ్ళు కొరుక్కుంటోంది. తమ్ముడు తలుపు వంక చూస్తున్నాడు. నేను అటూ ఇటూ తిరుగుతున్నాను. గుమ్మం దాకా, వంటింటి దాకా, మళ్ళీ గుమ్మం దాకా. తెర మీద బ్యాటరీ అంకె ఒక్కోటే దిగుతోంది. దిగడం నెమ్మదే. పని అంతకన్నా నెమ్మది.

“ఏమైంది?” అన్నాను.

“ఏం లేదు నాన్నా.”

అది నా జవాబు. ఇంట్లో ఎవరేం అడిగినా నేను చెప్పేది అదే. దాని నోట్లోంచి వస్తే ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది.

“చెప్పు,” అన్నాను.

అది కుర్చీ తిప్పుకుని కూచుంది. “ఇంజను తిండి తగ్గింది నాన్నా. కానీ తినేది ఇంజను ఒక్కటే కాదు. తెర వెలగాలి, మెమొరీ మేలుకుని ఉండాలి, డిస్కు పనిచెయ్యాలి. పని వేగంగా జరిగినా నెమ్మదిగా జరిగినా వాటి తిండి వాటికి పడాల్సిందే. మనం గంటలు పెంచుకుంటూ పోతే అవి కూచుని తింటాయి.”

నాకు వెంటనే అర్థమైంది. చెక్‌పోస్టు దగ్గర లైన్లో ఇరుక్కుంటే బండి అంగుళం అంగుళం జరుగుతుంది. స్పీడు లేదు, తొక్కింది లేదు. సాయంత్రానికి చూస్తే ట్యాంకు సగం దిగి ఉంటుంది. ఎన్నిసార్లు చూశాను అది! నేను డీజిలు వైపే చూశాను, దారి వైపు చూడలేదు.

“నీకు ముందే తెలుసా?”

“అనుమానం.”

“మరి అనలేదే?”

“నువ్వు చెప్పావు కదా నాన్నా.”

అబ్బాయి నేల చూస్తూ అన్నాడు, “నువ్వు పండక్కోసారి మాట్లాడతావ్. దాన్ని కూడా కాదంటే ఎలా అని ఊరుకున్నాం.”

మా ఆవిడకి ఎక్కడలేని కోపం వచ్చింది. “ఆయన లారీ తోలాడురా, దీన్ని తోలాడా? చదువుకున్నది మీరు, విన్నది ఆయన మాటా?”

“తీసెయ్,” అన్నాను అమ్మాయితో. “నా మాట తీసెయ్.”

అబ్బాయి ఉన్నపాటున ముందుకి వంగి, ఆ కట్టిన తాడు విప్పి నూటికి నూరు చేశాడు. ఇక చూడాలి. ఫ్యాను కేక పెట్టింది. బొమ్మలు ఒకదాని మీద ఒకటి వచ్చి పడుతున్నాయి. హాల్లో గోడలు లేచాయి, బల్లలు వచ్చాయి, బల్లల కింద నీడలు వచ్చాయి. అబ్బాయి తొడ చరిచాడు. కానీ బ్యాటరీ అంకె కూడా కళ్ళముందే రాలిపోతోంది. నేను మీద చెయ్యి పెట్టి చూశాను. ఎత్తు ఎక్కి వచ్చిన బండి బానెట్‌లా కాలుతోంది. ఇందాక అన్నది చాలు. బయటికి వెళ్ళి గుమ్మం ముందు నిలబడ్డాను. నిలబడలేక లోపలికొచ్చాను.

అమ్మాయి అరచేతి మీద పెన్నుతో ఏదో రాసుకుంటోంది.

“ఏంటక్కా అది?”

“మైలేజీ. ఎంత స్పీడుగా గీస్తోంది అన్నది కాదురా, ఎంత తింటోంది అన్నదీ కాదు. ఒక్క శాతానికి ఎన్ని బొమ్మలు గీస్తోంది, అదీ లెక్క. నాన్న చెప్పినట్టు పోతే నాలుగు. నువ్వు చెప్పినట్టు పోతే ఐదు.”

“చూశావా, నాదే ఎక్కువ.”

“ఒక్కటి! దానికి ఇంత అరుపు. ఇలా పోతే ఎవరి మాట విన్నా చేరం.” కీబోర్డు దగ్గరికి జరిగింది. “ఒకటి చూస్తాను. నూటికి తొంభై తొమ్మిది పెడతాను.”

వాడు పకపకా నవ్వాడు. “ఒక్కటి తగ్గిస్తే ఏమొస్తుంది? దిష్టికా?”

“నూరు అని ఉంటే దానికి పూనకం వస్తుందిరా. తన మామూలు స్పీడు దాటి ఎగురుతుంది. ఆ ఎగిరేదానికే బోలెడు తింటుంది, అందుకే ఈ వేడి. ఒక్కటి తగ్గించామంటే ఇక ఎగరదు. మామూలుగా పరిగెడుతుంది. నా పాత ఆఫీసులో ఒకాయన ఇలా చేసేవాడు. బ్యాటరీ మీద ఎప్పుడూ చూడలేదు.”

పెట్టింది. ఫ్యాను కేక మానేసి మామూలుగా గొణగడంలో పడింది. బొమ్మలు మాత్రం పెద్ద తేడా లేకుండా వస్తూనే ఉన్నాయి. అది ఈలోగా తెర వెలుతురు పూర్తిగా తగ్గించింది, వైఫై తీసేసింది, కీబోర్డు కింద మెరిసే లైటు తీసేసింది. మా ఆవిడ వంటింట్లోంచి నాలుగు డబ్బా మూతలు తెచ్చి, నాలుగు మూలలా కింద పెట్టింది, గాలి ఆడుతుందని. అందరం బ్యాటరీ అంకె వైపే చూస్తున్నాం. ఒక శాతం దిగింది. అమ్మాయి లెక్క చూసుకుంది.

“ఏడు!”

అబ్బాయి నవ్వు మానేశాడు.

కానీ పొద్దుట్నుంచి తగలేసింది తగలేశాం. మిగిలిన బ్యాటరీ చూస్తే నలభై లోపుకి వచ్చేసింది. “ఇంకో సంగతి,” అన్నాడు అబ్బాయి. “ఈ బ్యాటరీ ముసలిది. పది అని చూపిస్తూనే టప్పున సున్నా అయిపోద్ది. పదిహేను దగ్గర ఆపేసి పంపడం మొదలుపెట్టాలి. పంపడానికీ కొంత కావాలి కదా.”

అమ్మాయి మళ్ళీ అరచెయ్యి చూసుకుంది. హాలు సగం అయింది. సగం హాలుతో సరిపెట్టుకుంటే, పడక గదో తోటో ఏదో ఒక్కటి వస్తుంది. రెండూ రావు.

“తోటే పెడదాం,” అంది. “జడ్జీలు పచ్చగా కనబడితే కరుగుతారు. పడక గదిలో ఏముంది, మంచాలు.” అని, ఏమనుకుందో నా వైపు తిరిగింది. “నాన్నా, నువ్వేమంటావ్?”

ఇక ఏమీ చెప్పొద్దనుకున్నాను. కాలు ఊగుతూనే ఉంది. నెల రోజుల కిందట కూడా అది నన్ను ఇలాగే అడిగింది, డ్రైవర్లకి ఏం కావాలి నాన్నా అని. నీడా, నీళ్ళూ అన్నాను. ఇంకా, అంది. చాలు, అన్నాను. బొమ్మ చూపించింది. బాగుంది, అన్నాను, సరిగ్గా చూడకుండానే.

“పడక గది చూపించు,” అన్నాను.

గీసేది ఆపి, తెర కాస్త వెలిగించింది. అందమైన గది. మంచాలు వరసగా ఉన్నాయి, తలలన్నీ గోడకేసి. కిటికీలు పైన ఉన్నాయి, మనిషి ఎత్తున. ఎండ మొహాన పడకుండా.

“ఇక్కడ ఎవడూ పడుకోడు,” అన్నాను.

“అదేం మాటండీ, పిల్ల అంత కష్టపడితే!” అంది మా ఆవిడ.

“ఎందుకు నాన్నా?” అంది అమ్మాయి.

“బండి కనబడదు.”

మామూలుగా అయితే అక్కడితో ఆపేసేవాణ్ణి. అది నన్నే చూస్తోంది. దాని వెనక బ్యాటరీ అంకె కరుగుతోంది. ఇక ఆగలేదు.

“నువ్వు పరుపు వెయ్యి, ఏసీ పెట్టు. బండి కనబడకపోతే డ్రైవరు దిగడు. క్యాబిన్లోనే ముడుచుకుని పడుకుంటాడు. దిగి పడుకుంటే ఏమవుతుంది? టార్పాలిన్ కోసేవాడు కోస్తాడు, డీజిలు లాగేవాడు లాగుతాడు. సరుకు పోతే ఎవణ్ణి అడుగుతారు? మాకు నిద్ర అంటే కళ్ళు మూసుకోవడం కాదు. మధ్యమధ్యలో ఒక కన్ను తెరవడం. తెరిస్తే ఎదురుగా బండి ఉండాలి. ఉంటే మళ్ళీ మూతపడుతుంది. లేకపోతే లేచి, చెప్పులు వేసుకుని, బయటికెళ్ళి చూసి రావాలి. రెండుసార్లు లేచాక ఇక నిద్ర రాదు. నిద్రలేనివాడు తెల్లారి బండి తోలితే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. ఇంట్లో ఇన్నేళ్ళుగా నేను కిటికీ పక్కనే ఎందుకు పడుకుంటానని?”

మా ఆవిడ నోరు తెరిచింది. “గాలి కోసం అనుకున్నానండీ! పెళ్ళైన దగ్గర్నుంచీ గాలి కోసమే అనుకున్నాను. ఉక్కపోసి చస్తూ గోడవైపు పడుకున్నాను కదండీ నేను!”

అబ్బాయి నవ్వాపుకోలేక దగ్గాడు. అమ్మాయి మాత్రం అప్పటికే తెర వైపు తిరిగిపోయింది. కిటికీలు ఒక్కొక్కటీ పట్టుకుని కిందికి లాగుతోంది.

“అక్కా, ఏం చేస్తున్నావ్? మార్చడానికి ఇప్పుడు టైమ్ ఉందా? బ్యాటరీ ఉందా?”

“నోర్మూసుకో. నాన్నా, ఎంత ఎత్తు?”

“మంచం మీద ఒత్తిగిలితే కనబడాలి.”

నేల మీద పక్కకి తిరిగి పడుకుని చూపించాను. ఈ వయసులో లేవడానికి అబ్బాయి చెయ్యి ఇవ్వాల్సి వచ్చింది. అది కిటికీల్ని నా కంటి ఎత్తుకి దింపింది. మంచాలు తిప్పింది. బయట లారీలు నిలిపే జాగాని ముందువైపు నుంచి ఈ కిటికీల ఎదురుకి జరిపింది. తెర వెలుగుతూనే ఉంది. అబ్బాయి గోడ గడియారం చూస్తున్నాడు, అక్కని చూస్తున్నాడు, బ్యాటరీని చూస్తున్నాడు. ఒకసారి జుట్టు పీక్కున్నాడు.

“చాలు,” అని, తోట మొత్తం తీసేసి, పడక గది ఒక్కటే గీయమని వదిలింది. తెర మళ్ళీ చీకటి చేసింది.

ఇక చేసేదేమీ లేదు. ఫ్యాను గొణుగుతోంది. నలుగురం దాని చుట్టూ కూచున్నాం, జబ్బుమనిషి దగ్గర కూచున్నట్టు. నాకు మాత్రం నోరు ఆగలేదు. చొక్కా తగిలించుకునే కొక్కెం మంచానికే ఉండాలన్నాను, జేబు తల దగ్గర ఉంటుందని. తలుపుకి లోపల్నుంచి గడియ వద్దన్నాను, తెల్లవారుజామున వచ్చేవాడు బాదుతాడని. సరుకు ఎక్కడిదాకా అని పక్కవాణ్ణి అడక్కూడదన్న పద్ధతి చెప్పాను. అమ్మాయి ఫోన్లో టకటకా కొట్టుకుంటోంది. నమూనాతోపాటు నాలుగు మాటలు రాసి పంపాలట. నా మాటలే పెడుతోంది.

“ఈయన నోరు తెరవాలంటే కరెంటు పోవాలని ముందే తెలిస్తే నేనే ఆ ట్రాన్స్‌ఫార్మర్ పేల్చేదాన్ని,” అంది మా ఆవిడ.

పదిహేను దగ్గర ఇంకా కొన్ని బొమ్మలు మిగిలాయి. అబ్బాయి ఆపమన్నాడు. అమ్మాయి ఒక్క నిమిషం అంది. మంచం మీద పడుకున్నవాడి కంట్లోంచి కిటికీ బయట లారీ కనబడే బొమ్మలు ఆఖర్న ఉన్నాయి. అవి పడ్డాకే ఆపింది. అప్పటికి పదకొండు.

బొమ్మలన్నీ కలిపి సినిమా చేసింది. అబ్బాయి తన ఫోను ఇంటర్నెట్ ఇచ్చి, సిగ్నల్ కోసం ఫోను పట్టుకుని కిటికీ ఎక్కినంత పని చేశాడు. తెర మీద నీలం గీత పాకుతోంది. సగం అయింది. ఐదుకి ఇంకా కాస్త టైముంది. గీత ముప్పాతిక అయింది. నేను లేచి నిలబడ్డాను. గీత చివరికి వచ్చి, తాకిందో తాకలేదో, తెర నల్లబడిపోయింది.

ఫ్యాను ఆగింది. వీధిలో ఎవరో బకెట్‌తో నీళ్ళు ఎత్తిపోస్తున్న చప్పుడు వినబడుతోంది.

“వెళ్ళిందా?” అంది మా ఆవిడ, గొంతులోనే.

అమ్మాయి ఒళ్ళో ఫోను బోర్లించి, రెండు చేతులూ దాని మీద పెట్టుకుంది. నాకు కాలు ఆగక వెళ్ళి స్విచ్ నొక్కాను. ఏమీ లేదు. మళ్ళీ నొక్కాను.

ఫోను టింగుమంది. అది తిప్పి చూసింది. చూసి, తమ్ముడికి చూపించింది. వాడు పైకి చదివాడు. “మీ నమూనా అందింది.”

“అంతేనా? బాగుందో లేదో చెప్పలేదా?” అంది మా ఆవిడ.

“అందిందంటే చాలమ్మా. మిగతాది వచ్చే నెల.”

అమ్మాయి కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకుంది. అరచేతిలో నాలుగు, ఐదు, ఏడు చెమటకి అలుక్కుపోయి ఉన్నాయి.

“ఇంకోటి,” అన్నాను. “ఆ గదిలో రాత్రి దీపం నీలంది పెట్టకూడదు. కిటికీ అద్దంలో అది మెరిసి బండి కనబడదు.”

“పంపించేశాకా చెప్పేది?” అన్నాడు అబ్బాయి.

“కట్టేటప్పుడు చెప్తాడులే,” అంది అమ్మాయి, కళ్ళు తెరవకుండానే.

మా ఆవిడ లేచి వెళ్ళి మా గదిలో మంచం బరబరా లాగింది. నా వైపు అంచుని కిటికీకి ఇంకాస్త దగ్గరగా జరిపింది. నేను వెళ్ళి దాని మీద కూచున్నాను. బయట నా బండి లేదు. ఓనరు దాన్ని అమ్మేసి చాలా ఏళ్ళయింది. అబ్బాయి తోసుకొచ్చిన స్కూటరు బురదలో పక్కకి ఒరిగి ఉంది. ఎవడైనా ఎత్తుకుపోతాడేమోనని దాన్నే చూస్తూ కూచున్నాను.